గారిక్ గారి మంచం, మా అమ్మ దుప్పటి

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు, కట్టిన ఇంటి గోడలకు ఏం వేయాలో తేల్చి చూడమని ఎందుకు అనలేదో నాకు తెలియదు. వారి రోజుల్లో సున్నం ఒక్కటే ఉండేది కాబోలు. పదిహేడేళ్ళపాటు అద్దె ఇళ్ళలో, ఒక మేకు కొట్టడానికి సైతం ఇంటివారి అనుమతి కోరుతూ బ్రతికినవాళ్ళం మేము. హైదరాబాదులో మూడు గదుల ఫ్లాటు ఒకటి సొంతమైన నాడు ఆ స్వేచ్ఛను ఏం చేసుకోవాలో మాకు తోచలేదు. ఇష్టమైనన్ని మేకులు కొట్టుకోవచ్చు. కాని వాటికి ఏం తగిలించాలి?

బంధువులు సిఫారసు చేయగా ఒక గృహాలంకరణ నిపుణుడు వచ్చాడు. యువకుడు, మర్యాదస్థుడు. చేతిలోని పలకవంటి యంత్రం మీద వరుసగా బొమ్మలు చూపించాడు. హాలులో ఒక గోడకు కలంకారీ వేద్దామన్నాడు. ఇప్పుడు అందరూ అదే అడుగుతున్నారట. కలంకారీ అనగా అతని ఉద్దేశం కలంకారీ బొమ్మ అచ్చయిన కాగితం. జిగురు పూసి గోడకు అంటిస్తారు. మూడు గంటల్లో పని ముగుస్తుంది. నచ్చకపోతే అయిదేళ్ళ తరువాత పీకి వేరొకటి అంటించుకోవచ్చు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బందరులోని మా ఇల్లు అమ్ముడైంది. నాన్నగారు పోయిన తరువాత ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే నాలుగేళ్ళు ఉంది. మోకాళ్ళు మొరాయించేవరకూ రానంది. చివరకు ఒక ఇనుప పెట్టెతో వచ్చింది. వచ్చి నెలైనా ఆ పెట్టెలోని చీరలు బీరువాలోకి మారలేదు. ప్రొద్దున్నే పెట్టె తెరిచి ఒక చీర తీసుకోవడం, సాయంత్రం ఉతికినది మడిచి మళ్ళీ అందులోనే పెట్టుకోవడం. అడిగితే, “కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చినదానికి బీరువా ఎందుకే?” అనేది. నవ్వుతూనే అనేది. అందుకే మరీ బాధగా ఉండేది.

ఆ పెట్టె అడుగున ఒక బందరు దుప్పటి ఉంది. నేలరంగు గోధుమవన్నె. నడుమ మెలికలు తిరిగిన చెట్టు, కొమ్మకొక రకం పువ్వు, మొదట్లో రెండు నెమళ్ళు, చుట్టూ అంచు. ఎరుపు, నలుపు, కాస్త నీలం. నిపుణుడు దాన్ని చూచి నిజంగానే ముచ్చటపడ్డాడు. నడిమి చెట్టును కత్తిరించి అద్దాల చట్రంలో బిగిద్దామనీ, అంచులతో సోఫా దిండ్లకు గలీబులు కుట్టిద్దామనీ అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. దుప్పటిని నాలుగు మడతలు వేసి పెట్టెలో పెట్టి మూత వేసింది. మా ఇంట్లో అసమ్మతి తెలపడానికి అంతకు మించిన పద్ధతి లేదు.

నా వృత్తి అనువాదం. ఆ నెల నా బల్ల మీద ఉన్నది ఆంగ్ల నాటకరంగ చరిత్ర. ఎం.ఏ.లో ఆంగ్ల సాహిత్యం చదివిన వారికి డేవిడ్ గారిక్ పేరు కొత్తది కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో షేక్స్‌పియర్ పాత్రలకు ప్రాణం పోసిన మహానటుడాయన. 1747 నుండి 1776 వరకు లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలను నడిపించినవాడు. 1769లో స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్స్‌పియర్ ఉత్సవం జరిపించి, ఆ ఊరిని యాత్రాస్థలంగా మార్చిన ఘనతా ఆయనదే. ఆయన గురించి పరీక్షలో రెండు పుటలు వ్రాసిన జ్ఞాపకం నాకింకా ఉంది. కాని ఆయన పడకగదికీ మా బందరుకూ సంబంధం ఉందని ఏ ఆచార్యుడూ చెప్పలేదు. అనువాదంలో ఒక చిన్న సందేహం తీర్చుకోబోయి, నేను దానిమీద కాలు జారి పడ్డాను.

సంగతి ఇది. థేమ్స్ నది ఒడ్డున హాంప్టన్‌లో గారిక్ దంపతులకు ఒక విడిది గృహం ఉండేది. ఆ ఇంటికి సామానులు చిప్పెన్‌డేల్ కార్ఖానా నుండి వచ్చాయి. ఆంగ్లేయులకు కొయ్యసామాను విషయంలో ఆ పేరు కన్న పెద్దది లేదు. అక్కడి పడకగదికి ఆకుపచ్చ, తెలుపు రంగులు పూసిన పందిరిమంచం ఒకటి. దానికి తెరలు కావాలి. ఆ రోజుల్లో కలకత్తాలోని ఆంగ్ల వర్తకులు తమకొక నాటకశాల ఏర్పరచుకుంటూ గారిక్ సహాయం కోరారు. ఆయన చేశాడు. కృతజ్ఞతగా వారు ఆయన భార్యకు రంగులద్దిన బట్టలు కానుకగా పంపారు. ఆ బట్టలు తయారైనది మచిలీపట్నంలో. ఓడ దిగగానే సుంకం అధికారులు వాటిని పట్టుకున్నారు. అవి చట్టరీత్యా ఇంగ్లండులో వాడకూడని సరకు. ఇది 1775 నాటి మాట. లండన్ నగరమంతటినీ ఏడిపించి నవ్వించిన మహానటుడు, భార్య మంచం తెరల కోసం ప్రభుత్వ కోశాగారపు అధికారికి విన్నపం వ్రాసుకోవలసి వచ్చింది. మంచమూ తెరలూ 1916లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చేరాయి.

ఈ నిషేధం కథ వింటే మన నిపుణుడి కాగితం మీద నాకు ఎందుకు మనసు పోలేదో మీకు తెలుస్తుంది. బందరు రేవులో డచ్చివారు 1605లోనూ, ఇంగ్లీషువారు 1611లోనూ వర్తకశాలలు పెట్టారు. మొదట్లో వారు మన బట్టలు కొన్నది సుగంధద్రవ్యాల దీవుల్లో మిరియాలకూ లవంగాలకూ మారకం వేయడానికి. ఇంటికి పంపినవి చాలా కొద్ది. కాని ఆ కొద్దీ వెళ్ళి లండన్ పడకగదుల్లో పాగా వేశాయి. 1663 సెప్టెంబరులో శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళ ఉద్యోగి, భార్య చదువుగది గోడలకు కప్పడానికి రంగులద్దిన హిందూదేశపు బట్ట కొన్నట్లు తన దినచర్యలో వ్రాసుకున్నాడు. ఆంగ్ల సాహిత్య విద్యార్థులంతా ఆ దినచర్యను లండన్ అగ్నిప్రమాదం కోసం చదువుతారు. ఈ వాక్యాన్ని దాటిపోతారు. నేనూ దాటిపోయాను.

యాభై ఏళ్ళు గడిచేసరికి ఆ మోజు జ్వరమైంది. ‘రాబిన్సన్ క్రూసో’ వ్రాసిన డేనియల్ డీఫో 1708లో తన పత్రికలో వాపోయాడు. ఈ బట్టలు ఒంటి మీదకు రావడమే కాక ఇళ్ళలోకీ పడకగదుల్లోకీ చొరబడ్డాయనీ, తెరలూ దిండ్లూ కుర్చీలూ చివరకు మంచాలూ వీటితోనే నిండిపోయాయనీ ఆయన గోడు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళకు పొట్ట గడవలేదు. 1719లో వారు వీధుల్లోకి వచ్చి, అద్దకపు బట్టలు కట్టుకున్న స్త్రీల మీదపడి ఆ బట్టలు చింపారు. 1700లో చేసిన చట్టం దిగుమతి బట్టను కట్టుకోరాదంది. 1721 నాటి చట్టం ఒంటి మీదనే కాదు, ఇంటి అలంకరణకూ పనికిరాదంది. ఫ్రాన్సు 1686 నుండి 1759 వరకు ఇదే పని చేసింది. దొంగచాటుగా వచ్చేవి వస్తూనే ఉన్నాయి. గృహాలంకరణ నేరమైన రోజులు చరిత్రలో ఉన్నాయని చెబితే మా వారు నమ్మలేదు. పుస్తకం చూపించాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇదంతా చదివి నాలో కొంచెం గర్వం పొంగింది. కాని మరికొంత చదివేసరికి ఆ పొంగు చల్లారి, అంతకన్న ఆసక్తి కలిగించే విషయం బయటపడింది. 1643లోనే కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమవారికి ఉత్తరం వ్రాశారు. ఎర్రటి నేల ఉన్న బొంతలు ఇక్కడ అంతగా పోవడం లేదు, నేల తెల్లగా ఉంచి నడుమ కొమ్మలూ పువ్వులూ రంగుల్లో వేయించండి అని. అప్పటినుండి నమూనాలు అటునుంచి ఇటు రావడం, ఇక్కడి పనివారు వాటిని తమకు తోచినట్టు వేయడం, అవి మళ్ళీ అటు వెళ్ళడం జరిగింది. మనం ప్రాచీన భారతీయ జీవవృక్షం అనుకునే ఆ మెలికల చెట్టులో పారశీక తోటలున్నాయి, చీనా రాళ్ళగుట్టలున్నాయి, ఇంగ్లీషు కుట్టుపని ఆకులున్నాయి. వీటన్నిటినీ చూచి, ఎన్నడూ చూడని ఒక చెట్టును వేసినవాడు మాత్రం కృష్ణా, గోదావరి మండలాల పనివాడు. కళ నుండి స్ఫూర్తి పొందడమంటే ఏమిటని ఎవరైనా నన్నడిగితే ఆ చెట్టును చూపిస్తాను. అతడు దేనినీ అంటించలేదు. తన చేతిలోనుంచి పోనిచ్చాడు.

ఇంగ్లీషువాడు దానిని ‘చింట్జ్’ అన్నాడు. మన చీటిగుడ్డే అది. చిన్నప్పుడు పండుగకు పట్టు పరికిణీ అడిగి, చీటిగుడ్డ పరికిణీతో సరిపెట్టుకుని ఏడ్చిన నాకు ఆ మాట వ్యుత్పత్తి నలభై దాటాక తెలిసింది.

గారిక్ మంచం తెరల ఛాయాచిత్రం ఒకటి సంపాదించి ఒక రాత్రి అమ్మకు చూపించాను. కళ్ళద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూచింది. మ్యూజియాల్లో పనిచేసే వారెవరూ అడగని ప్రశ్న అడిగింది. “వెనకవైపు చూపించరా?”

అమ్మ పుట్టిల్లు పెడన దగ్గర. 1950ల నాటి ఆ ఊళ్ళ కాలువగట్లు ఆమెకు కంఠతా వచ్చు. ఆ రాత్రి ఆమె చెప్పినది, నేను తరువాత చదివి సరిచూచుకున్నది, కలిపి వ్రాస్తున్నాను. ముడిగుడ్డను ముందు పేడనీళ్ళలో నానవేసి, ఎండలో ఆరవేసి, మళ్ళీ తడిపి, తెలుపు తేలేదాకా ఉతుకుతారు. ఆపైన కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని వెన్న గుడ్డను పట్టుకుని రంగు పాకిపోకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చేది కసిమి. చూడడానికి వట్టి మురికినీరు. అది కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు సంగతి ఇంకా విచిత్రం. ఎరుపు రావలసినచోట అచ్చుతో అద్దేది ఎర్రరంగు కాదు, పటిక నీళ్ళు. తరువాత ఆ గుడ్డనంతా ఎరుపునిచ్చే వేరు వేసి కాగులో ఉడికిస్తే, పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది, తక్కినచోట ఉతుకులో పోతుంది. అంటే అద్దేటప్పుడు పనివాడికి తన బొమ్మ సగం కనిపించదు. మనసులో పెట్టుకునే అద్దాలి.

ఆ వేరు చిరివేరు. కృష్ణ మండలపు ఇసుక నేలల్లో పండిన చిరివేరుకు ఒకప్పుడు పెట్టింది పేరు. 1868లో జర్మనీ రసాయనవేత్తలు ఆ ఎరుపును ప్రయోగశాలలో తయారుచేశారు, అంతటితో వేరు త్రవ్వేవారి బ్రతుకు తెల్లవారింది. 1897 నుండి నీలిమందుకూ అదే గతి. అమ్మ దుప్పటిలోని ఎరుపు కూడ బహుశా సీసాలో వచ్చినదే. ఈ మాట చెబితే ఆమె నొచ్చుకుంటుందనుకున్నాను. “అయితేనేం, ఉడకబెట్టింది మనవాళ్ళేగా!” అంది.

బందరు, పెడనల్లో టేకుకొయ్యపై చెక్కిన అచ్చులతో అద్దకం. శ్రీకాళహస్తిలో అచ్చు లేదు, వెదురుపుల్లకు ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో కట్టిన కలంతో వ్రాత. ఆ పనిని అక్కడ వ్రాతపని అనే అంటారు. స్వర్ణముఖి నీళ్ళలో ఉతికి, ఆ ఇసుకలోనే ఆరవేసేవారు. ఒకటి దేవాలయాల కోసం కథలు చెప్పింది, మరొకటి ఇళ్ళ కోసం పూలు పూసింది. రెంటినీ కలంకారీ అనే ఒకే పారశీక మాట క్రింద కలిపేశాం. ఇంటికి ఏది తేవాలన్న ప్రశ్నకు ఈ తేడాయే సమాధానం. పడకగదికి, కిటికీకి, బల్లకు అద్దకం. రామాయణం వ్రాసిన గుడ్డను కుర్చీ దిండుకు తొడిగి దానిమీద కూర్చోవడం నాకు సమ్మతం కాదు. ఈ విషయంలో నేను పాతకాలపు మనిషిని.

గోడ మీది కళకు ఆయువెంత అన్నది వేరొక ప్రశ్న. బీహారులోని మిథిలలో స్త్రీలు పెళ్ళిగది గోడలకు తామరలూ వెదుళ్ళూ చేపలూ వేసేవారు. 1934 భూకంపంలో గోడలు కూలినప్పుడు ఆర్చర్ అనే ఆంగ్ల అధికారి వాటిని తొలిసారి చూచాడు. 1966 తరువాతి కరువులో ఆ స్త్రీలకు ఉపాధిగా కాగితాలు పంచితే, గోడ మీది బొమ్మ కాగితానికి ఎక్కి దేశదేశాలకు వెళ్ళింది. వారిలో మేటి గంగాదేవి ఢిల్లీలోని ఒక మ్యూజియం గదిలో పెళ్ళిగది గోడలను మళ్ళీ వేసింది. ఆమె 1991లో మరణించింది. 2015లో మరమ్మతుల పేరిట ఆ గోడలు చెరిగిపోయాయని పత్రికల్లో చదివి చాలామంది బాధపడ్డారు. నేనూ పడ్డాను. అయితే మిథిలలో మాత్రం ప్రతి పెళ్ళికీ పాతబొమ్మ మీద పూత పూసి క్రొత్తబొమ్మ వేయడమే ఆచారం. తేడా ఏమిటంటే, అక్కడ చెరిపిన చేతులకు మళ్ళీ వేయడం వచ్చు.

ఇక పాఠకులకు పనికివచ్చే నాలుగు ముక్కలు. అంగట్లో కలంకారీ పేరుతో అమ్మేవాటిలో చాలాభాగం మిల్లుగుడ్డ మీద తెర అచ్చుతోనో యంత్రంతోనో ముద్రించినవి. అవి చవక, వాటిని వాడడం తప్పేమీ కాదు, కాని ధర మాత్రం అద్దకానికి ఇచ్చినంత ఇవ్వకండి. గుడ్డ తిరగేసి చూడండి, రంగు పైపూతగా ఉందో, నూలులోకి దిగిందో తెలుస్తుంది. అచ్చు అచ్చుకూ మధ్య ఎక్కడో ఒకచోట గీత వెంట్రుకవాసి తప్పి ఉంటుంది. అది లోపం కాదు, సంతకం. క్రొత్తగుడ్డకు పాలవాసన, కరక్కాయవాసన కొంతకాలం ఉంటాయి. మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్ళలో, సబ్బు లేకుండా. నీడన ఆరవేయాలి. గోడకు వ్రేలాడదీయదలిస్తే గుడ్డకు మేకులు కొట్టకండి. పైఅంచున వెనుకవైపు మెత్తని నూలుపట్టీతో ఒర కుట్టి, అందులో వెదురుకర్ర దూర్చి, కర్రను తగిలించండి. బరువు అంతటా సమంగా పడుతుంది. అద్దం బిగిస్తే గుడ్డకు తగలకుండా నడుమ ఖాళీ ఉండాలి, లేకుంటే వానాకాలంలో చెమ్మ పట్టి బూజు వస్తుంది. గోడ తెల్లగా ఉంటే చాలు. గదికి ఒక్క గుడ్డ చాలు. రెండు చెట్లు ఒక గదిలో ఒకదాని నీడ ఒకటి తింటాయి. ఎండ తగిలే గోడ పనికిరాదు, ముఖ్యంగా పడమటి ఎండ.

ఈ చివరిమాట దగ్గరే మా ఇంట్లో చిక్కు వచ్చింది.

నిపుణుడికి సవినయంగా వద్దని చెప్పి, హాలులో ఉత్తరపు గోడకు సున్నపు తెలుపు వేయించి, వెదురుకర్ర తెప్పించి, అమ్మ దుప్పటిని అక్కడ ఎలా వ్రేలాడదీస్తామో వివరించాను. వచ్చినవారందరూ చూస్తారన్నాను. గారిక్ గారి మంచాన్నీ తలచుకున్నాను. అమ్మ అంతా విని, “నా గదిలో కిటికీకి కట్టు” అంది. ఆ కిటికీ పడమటిది. మధ్యాహ్నం రెండు నుండి ఎండ మంచం మీద పడుతుంది. ఆ ఎండలో రెండు వేసవులు గడిస్తే నీలం వెలిసిపోతుందనీ, ఇంత కాలం నిలిచిన వస్తువనీ, మ్యూజియాల్లో దీపకాంతి కూడ కొలిచి వేస్తారనీ చెప్పాను. నాకు తెలిసినదంతా చెప్పాను.

“పెళ్ళైన క్రొత్తలో మీ నాన్న పెడన పోయి తెచ్చింది అది” అంది. “బందరింట్లో మొదట కిటికీకే కట్టాం. నువ్వు పుట్టాక ఉయ్యాల మీద కప్పాను. ఇరవై ఏళ్ళు ఎండలోనే ఉంది. పెట్టెలో పెట్టింది ఆయన పోయాకనే.”

ఆ గోధుమవన్నె నేలను పాతబడిన కరక్కాయ రంగనీ, ఆ నీలాన్ని సహజంగా లేతగా అద్దినదనీ నేను అంతకు ముందు వారమే మా అబ్బాయికి పాఠం చెప్పి ఉన్నాను. సగం ఎండ చేసిన పని అని నాకు తోచనే లేదు.

బేరం కుదిరింది. ఎండ పడే వేళ వెనుక ఒక తెల్లని నూలుతెర దించాలి, సాయంత్రం తీయాలి. తెర దించే పని మనవడిది. మొదటివారం బాగానే చేశాడు, ఇప్పుడు అమ్మే చేసుకుంటోంది. పొద్దు వాలేవేళ ఆ గుడ్డలోనుంచి వెలుతురు వస్తే చెట్టు వెనకవైపునుంచి కూడ కనిపిస్తుంది. నెమళ్ళ ఎరుపు పరుపు మీద పడుతుంది. హాలులోని తెల్లగోడ మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చినవారు ఇక్కడ ఏం పెడతారని అడుగుతున్నారు.

మొన్న ఆదివారం అమ్మ నన్ను పిలిచి, తన గదిలోని రెండో కిటికీ బోసిగా ఉందని చెప్పింది. టేపు తెస్తానంటే అక్కరలేదంది. మోచేతితో తానే కొలిచింది. నిలువు మూడు మూరలు, అడ్డం రెండు మూరల జానెడు. ఎరుపు నేల వద్దు, తెలుపు నేల మీద సన్నపువ్వు ఉంటే చూడమంది. వచ్చే నెలలో పెడన వెళ్ళాలి. కొలత వ్రాసుకోవడానికి కాగితం కోసం బీరువా తెరిచాను. పై అరలో అమ్మ చీరలున్నాయి.